సూర్యాపేట దారిలో లీటరు లెక్క

కారు కొనే ఆలోచన రాగానే సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా ఇంట్లో, వీధిలో మొదట వినిపించే ప్రశ్న "లీటరుకు ఎంతిస్తది?" అన్నదే. న్యాయమైన ప్రశ్న. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించాక కూడా హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయల 41 పైసలు, డీజిలు 95 రూపాయల 65 పైసలు అయింది. పెట్రోలు మీద 35.2 శాతం, డీజిలు మీద 27 శాతం వ్యాట్ ఉన్న రాష్ట్రంలో మైలేజీ పట్టించుకోకుండా కారు కొనగలిగేవాళ్లు కొద్దిమందే. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ ధరల మీదే వేశాను. బంకులో ధర మారితే అంకెలు మారతాయి గానీ, లెక్క వేసే పద్ధతి మారదు.

ఆ ప్రశ్నకు షోరూములో దొరికేది మాత్రం ఒకే అంకె. మన తిరుగుడు ఒకేలా ఉండదు. సూర్యాపేట 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్‌కూ విజయవాడకూ దాదాపు నడిమధ్య ఉంది. పిల్లల చదువులకూ ఆస్పత్రులకూ ఇక్కడి కారు ఎల్బీనగర్ దాకా పోయి రావాల్సిందే. కోదాడ అదే దారి మీద రాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉంది. అక్కడివాళ్లకు హైదరాబాద్ కన్నా విజయవాడే దగ్గర. మిర్యాలగూడ ఈ రహదారికి దూరంగా, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, రైసు మిల్లుల మధ్య ఉంది. అక్కడి కారు రోజులో ఎక్కువసార్లు మిల్లుకూ, మార్కెట్టుకూ, బ్యాంకుకూ, చుట్టుపక్కల మండలాలకూ తిరుగుతుంది. కాబట్టి మూడు ఊళ్లకూ ఒకే కారు సరైనది కాదు. ఎక్కువ మైలేజీ ఇచ్చే కారే తక్కువ ఖర్చయ్యే కారు అన్న నమ్మకమూ చాలా ఇళ్లలో లెక్కకు నిలవదు. నేను చెప్పదలచింది ఇదే.

ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా కేంద్రాల్లో కారు చక్రాలను రోలర్ల మీద ఉంచి, నిర్ణీత పద్ధతిలో నడిపి ఇంధనం కొలుస్తారు. దాని పేరు మాడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్. పరీక్ష మొత్తం ఇరవై నిమిషాల లోపే. దూరం సుమారు పదకొండు కిలోమీటర్లు. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, సగటు వేగం 32 ప్రాంతం. ఏసీ వేయరు. ఎదురుగాలి ఉండదు, గుంతలుండవు, వెనక సీట్లో ముగ్గురూ డిక్కీలో బియ్యం బస్తా ఉండవు. ఇందులో మోసమేమీ లేదు. అన్ని కార్లనూ ఒకే కొలతతో పోల్చడానికి అది పనికొస్తుంది. మన దారి మీద మన కారు ఎంతిస్తుందో చెప్పడానికి మాత్రం పనికిరాదు.

ఈ తేడా మన దేశానికే పరిమితం కాదు. మన పరీక్షకు మూలమైన పాత యూరప్ పద్ధతిని ఐసీసీటీ అనే పరిశోధనా సంస్థ ఏళ్ల తరబడి పరిశీలించింది. కంపెనీలు ప్రకటించిన లెక్కకూ రోడ్డు మీద వాస్తవంగా తాగిన ఇంధనానికీ తేడా 2001లో 9 శాతం ఉంటే, 2015 నాటికి 42 శాతానికి చేరింది. కంపెనీలు పరీక్షకు తగ్గట్టుగా కార్లను తీర్చిదిద్దడం నేర్చుకున్నాయి. 2017 నుంచి యూరప్ ఆ పరీక్షను వదిలేసి కొంత కఠినమైన డబ్ల్యూఎల్‌టీపీ పద్ధతికి మారింది. మన బ్రోచర్లు మాత్రం పాత పద్ధతి అంకెలతోనే నిండి ఉన్నాయి. అందుకే పెట్రోలు కారుకు ప్రకటించిన మైలేజీలో పావు వంతు తీసేసి లెక్క మొదలుపెట్టడం మంచిది. 2024 నవంబరులో వచ్చిన కొత్త డిజైర్ మాన్యువల్‌కు ప్రకటించింది 24.79 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని, ఊళ్లోనూ రోడ్డు మీదా కలిపి తిరిగే కుటుంబం 18 వస్తుందనుకుంటే నిరాశ పడదు.

ఇక అసలు విషయం, రహదారి. సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు సుమారు 135 కిలోమీటర్లు. నాలుగు వరుసల దారి. కేతేపల్లి, నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటుకుంటూ పోవాలి. ఈ దారి మీద మైలేజీని తేల్చేది ఇంజిన్ కన్నా ముందు వేగం. కారు గాలిని చీల్చుకుంటూ పోతుంది. గాలి వెనక్కి నెట్టే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 80 నుంచి 100కు పెంచితే వేగం పెరిగింది నాలుగో వంతే, గాలి నిరోధం మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 120కి పోతే 80 దగ్గర ఉన్నదానికి రెండుంబావు రెట్లు.

దీన్ని రూపాయల్లో చూద్దాం. 80 దగ్గర లీటరుకు 21 ఇచ్చే చిన్న కారు 100 దగ్గర 18 ఇస్తుందనుకుందాం. 135 కిలోమీటర్లకు మొదటిది ఆరున్నర లీటర్లు తాగుతుంది, రెండోది ఏడున్నర. తేడా ఒక లీటరు, అంటే నూటపది రూపాయల చిల్లర. మిగిలే సమయం ఇరవై నిమిషాలు. ఆస్పత్రికి పోయేవాళ్లకు ఆ ఇరవై నిమిషాలు అవసరమే కావచ్చు. పెళ్లి భోజనానికి పోయేవాళ్లకు అక్కర్లేదు. పెట్రోలియం పొదుపు కోసం 1978లో ఏర్పడిన పీసీఆర్ఏ ఏళ్లుగా చెబుతున్నది గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం. 65వ రహదారి మీద ఆ వేగంతో పోతే వెనక లారీలు ఊరుకోవు, అది సురక్షితమూ కాదు. ఎడమ వరుసలో నిలకడగా 80 మాత్రం ఎవరికైనా సాధ్యమే. తరచూ బ్రేకు వేసి మళ్లీ పరుగెత్తించే డ్రైవర్ ప్రతి బ్రేకుకూ కాస్త పెట్రోలును వేడిగా మార్చి గాలిలో వదిలేస్తున్నట్టే.

ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వేసవిలో నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో 45 డిగ్రీలు కొత్త కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేకుండా ప్రయాణం చేయమని ఎవరికీ చెప్పలేం, చెప్పకూడదు కూడా. ముసలివాళ్లూ పసిపిల్లలూ ఉన్న కారులో అద్దాలు దించుకుని వడగాడ్పులో పోవడం పొదుపు కాదు. పైగా రహదారి వేగంలో అద్దాలు దించితే గాలి నిరోధం పెరిగి మిగిలేది కూడా పెద్దగా ఉండదు. ఎండలో నిలిపిన కారు తలుపులు తెరిచి, లోపలి వేడిగాలి పోయాక ఏసీ వేయడం, ఊరి లోపల అవసరమైనప్పుడే వాడడం మేలు. చిన్న ఇంజిన్ కారుకు ఏసీ భారం ఎక్కువ తెలుస్తుంది. ఒక లీటరు కన్నా తక్కువ సామర్థ్యమున్న ఇంజిన్‌తో ఐదుగురు ఎక్కి మే నెలలో హైదరాబాద్ పోతే, ప్రకటించిన మైలేజీ దరిదాపుల్లోకి కూడా రాదు. ఆ పనికి 1.2 లీటర్ల ఇంజిన్ తక్కువ శ్రమతో పోతుంది, కొన్నిసార్లు తక్కువే తాగుతుంది.

టోల్ గురించి మైలేజీ వ్యాసంలో ఎందుకంటారేమో. సూర్యాపేటవాసి హైదరాబాద్ పోవాలంటే కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు రెండూ దాటాలి. పోను రాను నాలుగు దాటుళ్లు. 2025 ఆగస్టు 15 నుంచి కేంద్రం తెచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ అప్పటి ధర ప్రకారం 3,000 రూపాయలకు 200 దాటుళ్లు ఇచ్చింది, అంటే గేటుకు 15 రూపాయలు. నెలకు మూడు నాలుగుసార్లు పోయి వచ్చేవారికి ఆ పాస్ వల్ల మిగిలే డబ్బు, లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువిచ్చే కారు కొంటే మిగిలేదానికి తీసిపోదు. దానికోసం కారు మార్చనక్కర్లేదు. ఆ పాస్ జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది. నార్కట్‌పల్లి–అద్దంకి దారి రాష్ట్ర రహదారి కాబట్టి మిర్యాలగూడవాసులకు మాడుగులపల్లి గేటు దగ్గర అది పనిచేయదు. వాళ్లకు పంతంగి దగ్గరే ఉపయోగం.

ఇక్కడ ఒక లెక్క గురించి ఆగి ఆలోచించాలి. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని కొలిచే అలవాటు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పది ఇచ్చే పాత జీపును అమ్మి పన్నెండు ఇచ్చేది కొన్నవాడు, ఇరవై ఇచ్చే కారు అమ్మి ఇరవై రెండు ఇచ్చేది కొన్నవాడు, ఇద్దరూ రెండేసి కిలోమీటర్లు పెంచుకున్నారు. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగితే మొదటివాడికి 167 లీటర్లు మిగులుతాయి, దాదాపు 18 వేల రూపాయలు. రెండోవాడికి మిగిలేది 45 లీటర్లు, ఐదువేలకు లోపే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన లారిక్, సోల్ 2008లో సైన్స్ పత్రికలో ఈ పొరపాటును వివరించారు. యూరప్‌లో నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని కొలుస్తారు, అది సూటిగా ఖర్చు చెబుతుంది. మన ఇళ్లలో జరిగే బేరాలకు దీని అర్థం స్పష్టం. పాతబడి పది, పన్నెండు ఇచ్చే బండి ఉన్నవాళ్లు మైలేజీ కోసం కారు మార్చడంలో లాభం ఉంది. ఇప్పటికే పద్దెనిమిది ఇచ్చే కారున్నవాళ్లు ఇరవై కోసం కొత్త అప్పు చేయడంలో లేదు.

అందువల్ల మొదట తెలుసుకోవాల్సింది ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతామన్నది. ఉద్యోగానికి బైకు మీదో బస్సులోనో పోతూ, పండక్కీ పెళ్లిళ్లకీ కారు తీసే కుటుంబం ఏడాదికి ఏడెనిమిది వేలు దాటడం అరుదు. వాళ్లకు లీటరుకు 17 ఇచ్చే కారుకూ 20 ఇచ్చే కారుకూ ఏడాది ఖర్చు తేడా ఎనిమిది వేల లోపే. ఆ తేడా కోసం లక్ష ఎక్కువ పెడితే పన్నెండేళ్లకు గానీ తిరిగి రాదు. తెలంగాణ జీవితకాల పన్ను ఇంతకన్నా పెద్ద దెబ్బ కొట్టగలదు. ఐదు నుంచి పది లక్షల ధర ఉన్న కారుకు 14 శాతం, పది దాటి ఇరవై లోపు 17 శాతం. 9 లక్షల 90 వేల కారుకు పన్ను 1,38,600. 10 లక్షల 20 వేల కారుకు 1,73,400. ధరలో ముప్పై వేల తేడాకు పన్నులో దాదాపు ముప్పై ఐదు వేల తేడా. ఆ డబ్బుతో లీటరుకు 17 ఇచ్చే కారు ఐదున్నర వేల కిలోమీటర్లు తిరుగుతుంది. పది లక్షల గీతకు కాస్త పైన ఉన్న వేరియంట్‌ను ఎన్నుకునేటప్పుడు, అందులో అదనంగా వస్తున్నది నిజంగా కావాలా అని ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, పెద్దవాటికి 40 శాతం. చిన్న కారు వైపు మొగ్గు ఇప్పుడు ఇంకా పెరిగింది.

డీజిలు మీద మనవాళ్లకున్న మమకారం పాత రోజులది. లీటరుకు ధరలో పెద్ద తేడా ఉన్నప్పుడు, ఊరూరా డీజిల్ స్విఫ్ట్‌లూ డిజైర్లూ తిరిగినప్పుడు అది సరైన లెక్కే. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు మానేసింది. చిన్న డీజిల్ కారు దాదాపు కనుమరుగై, ఇప్పుడు డీజిలంటే ఎక్కువగా ఎస్‌యూవీలే. ఒకే ఎస్‌యూవీలో పెట్రోలుది 15, డీజిలుది 20 ఇస్తుందనుకుంటే, కిలోమీటరుకు 7 రూపాయల 16 పైసలు, 4 రూపాయల 78 పైసలు. తేడా 2 రూపాయల 38 పైసలు. డీజిల్ కారుకు అదనంగా లక్షా పాతికవేలు పెడితే 52 వేల కిలోమీటర్ల తర్వాత గానీ లాభం మొదలుకాదు. ఏడాదికి ముప్పైవేలు తిరిగే సూర్యాపేట కాంట్రాక్టరుకో, ట్రావెల్స్ నడిపేవారికో రెండేళ్ల లోపే వసూలవుతుంది. పదివేలు తిరిగే ఉపాధ్యాయుల కుటుంబానికి ఐదేళ్లు దాటుతుంది.

మిర్యాలగూడలో ఊరి లోపల తిరిగేవాళ్లకు డీజిలు ఇంకో రకంగా కూడా నష్టం. బీఎస్-6 డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పోగైన మసిని అది తనంతట తాను కాల్చుకోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి, కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. ఇంటి నుంచి మిల్లుకు మూడు కిలోమీటర్లు, అక్కడి నుంచి మార్కెట్టుకు రెండు, ఇలా తిరిగితే ఆ అవకాశం రాదు. ఫిల్టరు మూసుకుపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది, చివరికి వేలల్లో ఖర్చు. డీజిల్ కారు ఇప్పటికే ఉన్నవాళ్లు వారానికోసారైనా అద్దంకి రోడ్డు మీద అరగంట నడిపించడం మంచిది.

నిజానికి మిర్యాలగూడ తిరుగుడుకు ఇప్పుడున్నవాటిలో బాగా నప్పేది కరెంటు కారే. వేములపల్లి, త్రిపురారం, నిడమనూరు, దామరచర్ల, వాడపల్లి, ఎటు పోయి వచ్చినా రోజుకు వంద కిలోమీటర్ల లోపే. ధాన్యం సీజన్‌లో మిల్లుల ముందు ట్రాక్టర్లూ లారీలూ బారులు తీరి నిలబడ్డప్పుడు, కదులుతూ ఆగుతూ పోయే దారిలో పెట్రోలు కారు మైలేజీ పది పన్నెండుకు పడిపోతుంది. కరెంటు కారు నిలబడ్డప్పుడు ఏసీకి తప్ప ఏమీ తాగదు, బ్రేకు వేసినప్పుడు కొంత శక్తిని బ్యాటరీకే తిరిగి పంపుతుంది. ఇంట్లో చార్జి చేస్తే పెద్ద స్లాబులో యూనిట్ తొమ్మిది రూపాయలు పడ్డా, యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల లెక్కన కిలోమీటరుకు రూపాయి ముప్పై పైసలు. పెట్రోలు చిన్న కారుకు ఆరు రూపాయలు. కారు నిలుపుకునే సొంత వాకిలి ఉండడం మన ఊళ్లలో సాధారణం, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో లేని సౌకర్యం అది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం కరెంటు వాహనాలకు జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా రద్దు చేసింది. ఆ మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు. జీఎస్టీ కూడా 5 శాతమే.

దూరప్రయాణం దగ్గర జాగ్రత్త కావాలి. 2022లో వచ్చిన టియాగో ఈవీలో 24 యూనిట్ల బ్యాటరీ ఉన్నదానికి ప్రకటించిన దూరం 315 కిలోమీటర్లు. ఆ అంకె కూడా పైన చెప్పిన రోలర్ల మీదదే. ఏసీతో, రహదారి వేగంతో అందులో మూడింట రెండు వంతులు వస్తే మంచిదే. హైదరాబాద్ పోయి చార్జి చేయకుండా తిరిగి రావడం దానివల్ల కాదు. రహదారి పక్క హోటళ్ల దగ్గర ఫాస్ట్ చార్జర్లు వచ్చాయి గానీ అక్కడ యూనిట్ ఇరవై రూపాయల ప్రాంతంలో ఉంటుంది, కిలోమీటరుకు మూడు రూపాయలు దాటకపోయినా ఆగే సమయం ఉండనే ఉంది. ఇంట్లో రెండో బండిగా చిన్న కరెంటు కారు, లేదా నెలకోసారి మాత్రమే హైదరాబాద్ పోయేవారికి నలభై యూనిట్ల పైబడిన బ్యాటరీ కారు, ఈ రెండూ ఆలోచించదగినవి. దామరచర్ల పక్కన వీర్లపాలెంలో బొగ్గుతో నడిచే 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం ఉండగా ఈ కారు కాలుష్యం ఎలా తగ్గిస్తుందని అడిగేవారున్నారు. అడగాల్సిందే. మన దేశంలో యూనిట్ కరెంటు తయారీకి సగటున 700 గ్రాముల పైన కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, అంటే కిలోమీటరుకు నూరు గ్రాముల పైచిలుకు. లీటరుకు 17 ఇచ్చే పెట్రోలు కారుది 135 గ్రాముల దాకా. తేడా ఉంది, అనుకున్నంత లేదు. సౌర విద్యుత్తు పెరిగేకొద్దీ, ఇంటి మీద పలకలు పెట్టుకునేకొద్దీ ఈ అంతరం పెరుగుతుంది. పెట్రోలు కారుకు ఆ అవకాశం లేదు.

కోదాడ విషయం వేరు. రామాపురం అడ్డరోడ్డు దాటి ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెడితే లీటరుకు ఒకటి రెండు రూపాయలు ఎక్కువ. అక్కడి వ్యాట్‌కు తోడు లీటరుకు నాలుగు రూపాయల అదనపు పన్ను, రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. విజయవాడ పోయేవాళ్లు కోదాడలోనే ట్యాంకు నింపుకోవడం సహజం. ముప్పై ఐదు లీటర్ల మీద యాభై రూపాయలు మిగలొచ్చు. అంతకుమించి దానికి ప్రాధాన్యం లేదు. కోదాడకు నేను గట్టిగా సూచించేది సీఎన్‌జీ. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ గ్యాస్ పంచేది హెచ్‌పీసీఎల్, గెయిల్ కలిసి పెట్టిన భాగ్యనగర్ గ్యాస్. మధ్యలోని నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి జిల్లాల హక్కులు మేఘా సంస్థవి. కోదాడ కారు ఎటు పోయినా దారి చివర గ్యాస్ దొరుకుతుంది. డిజైర్ సీఎన్‌జీకి ప్రకటించింది కిలోకు 33.73 కిలోమీటర్లు. 26 వస్తుందనుకుని, కిలో 95 రూపాయలనుకుంటే కిలోమీటరుకు 3 రూపాయల 65 పైసలు. పెట్రోలు మీద కిలోమీటరుకు రెండు రూపాయల పైన ఆదా. సీఎన్‌జీ కోసం అదనంగా పెట్టే తొంభై వేలు నలభై వేల కిలోమీటర్లలో తిరిగి వస్తాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. సిలిండర్ డిక్కీని మింగేస్తుంది. పెళ్లికి పోయే కుటుంబం సామాను ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి. టాటా 2023లో ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి అడుగున అమర్చే పద్ధతి తెచ్చి ఈ బాధను కొంత తగ్గించింది. బంకుల్లో క్యూ ఉంటుంది. మూడేళ్లకోసారి సిలిండరును పీడన పరీక్షకు పంపాలి, దీన్ని వాయిదా వేయడం ప్రాణాలతో చెలగాటం. బయట చౌకగా కిట్లు బిగించేవారి దగ్గరికి పోవద్దని, కంపెనీ బిగించినదే కొనమని ఇక్కడే గట్టిగా చెప్పాలి. 65వ రహదారి మీద పూర్తి సామానుతో, నిండా మనుషులతో పోయే కారు అది.

హైబ్రిడ్ గురించి క్లుప్తంగా. 2022లో వచ్చిన టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారాల హైబ్రిడ్ రకాలకు 27.97 అని ప్రకటించారు. ఇంత పెద్ద కారుకు అది గొప్ప అంకె. ఆ గొప్పదనం నగరంలో ఆగి ఆగి పోయేటప్పుడు కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడే బ్యాటరీ పనిచేస్తుంది. 65వ రహదారి మీద 100తో ఏకధాటిగా పోయేటప్పుడు పని చాలావరకు పెట్రోలు ఇంజిన్‌దే, ఆ మేరకు ప్రయోజనం సన్నగిల్లుతుంది. మామూలు పెట్రోలుది 15, హైబ్రిడ్‌ది 21 అనుకున్నా కిలోమీటరుకు రెండు రూపాయల ఆదా. రెండున్నర లక్షలు ఎక్కువ పెడితే లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరగాలి. కరెంటు కారుకున్న పన్ను మినహాయింపు కూడా తెలంగాణలో దీనికి లేదు. గేర్లు మార్చే శ్రమ లేకుండా ప్రశాంతంగా నడిచే కారు కావాలనుకునేవారు కొనుక్కోవచ్చు. పొదుపు కోసమైతే మన మూడు ఊళ్లకూ ఇది మొదటి ఎంపిక కాదు.

మైలేజీ పడిపోయిందని ఈమధ్య వినిపిస్తున్న మాటకు ఒక కారణం బంకులోనే ఉంది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్‌లో పెట్రోలుతో పోలిస్తే శక్తి మూడో వంతు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ తన ప్రణాళికలోనే, పాత ఇంధనానికి తగ్గట్టు తయారైన నాలుగు చక్రాల వాహనాల్లో 6 నుంచి 7 శాతం సామర్థ్యం తగ్గవచ్చని రాసింది. పెట్రోలియం శాఖ 2025లో ఈ ఇంధనానికి సర్దుబాటు చేసినవాటికి 1, 2 శాతం, మిగతావాటికి 3 నుంచి 6 శాతం అని చెప్పింది. 5 శాతమే అనుకున్నా, 17 ఇచ్చే కారు 16కు వస్తుంది. పదివేల కిలోమీటర్లకు ముప్పై లీటర్లు, మూడువేల పైచిలుకు రూపాయలు. చమురు దిగుమతి తగ్గడం దేశానికి మంచిదే. కానీ శక్తి తగ్గిన ఇంధనాన్ని అదే ధరకు అమ్మడం న్యాయం కాదు. బంకు మీటరు లీటర్లు చూపిస్తుంది, కొనేవాడికి కావాల్సింది కిలోమీటర్లు.

ఈ విషయంలో మన ప్రాంతానికి రెండు వైపులా సంబంధం ఉంది. 2024-25లో కేంద్రం ఎఫ్‌సీఐ గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యాన్ని ఇథనాల్‌కు కేటాయించింది. మిల్లుల్లో మిగిలే నూకలు కూడా ఆ డిస్టిలరీలకు ముడిసరుకే. సాగర్ నీళ్లతో పండిన వడ్లు మిర్యాలగూడలో ఆడించి, ఆ బియ్యపు నూకలు ఇథనాలై మళ్లీ మన ట్యాంకుల్లోకే వచ్చే రోజులివి. రైతుకు గిట్టుబాటు ధర అందుతుందా, అంత నీటిని కారు నడపడానికి ఖర్చు చేయవచ్చా అన్నవి విడిగా చర్చించాల్సిన పెద్ద ప్రశ్నలు. కొనేవారి వరకు చెప్పాల్సింది ఒకటే: 2023 ఏప్రిల్ కంటే ముందు తయారైన సెకండ్‌హ్యాండ్ పెట్రోలు కారు తీసుకునేటప్పుడు, దాని రబ్బరు గొట్టాలు, సీళ్లు ఈ ఇంధనానికి తట్టుకుంటాయో లేదో సర్వీసు సెంటరులో అడిగి తెలుసుకోవాలి.

సెకండ్‌హ్యాండ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఢిల్లీ డీజిల్ కార్ల మాట. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షలు రావడంతో అక్కడి బండ్లు చౌకగా మన వైపు వచ్చాయి. ధర చూసి ఆశపడేముందు ఎన్‌ఓసీ వచ్చిందా, తెలంగాణలో మళ్లీ కట్టాల్సిన పన్ను ఎంత, పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగింపుకు, గ్రీన్ ట్యాక్స్‌కు ఎంతవుతుంది అన్నవి కలిపి చూడాలి. ఇంజెక్టర్లు అరిగిన పదేళ్ల డీజిలు కారు, కొత్త చిన్న పెట్రోలు కారు కన్నా తక్కువ తాగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

తేలికైన కారు ఎక్కువ మైలేజీ ఇస్తుంది, బరువైనది ప్రాణం కాపాడుతుంది, రెండూ కలవవు అన్న వాదన మన దగ్గర బలంగా ఉంది. దానికి కారణం లేకపోలేదు. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో అప్పటి స్విఫ్ట్‌కు ఒక్క నక్షత్రమే వచ్చింది. కానీ 2024లో కొత్త డిజైర్ అదే సంస్థ పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది, ప్రకటించిన మైలేజీ పాతికకు దగ్గరగా ఉంచుకుని మరీ. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలయ్యాయి. ఇకమీదట మైలేజీకీ భద్రతకూ మధ్య ఒకటి వదులుకోవాల్సిన అవసరం లేదు. సూర్యాపేట చుట్టూ ఈ రహదారి మీద ప్రమాదాల స్థలాలు గుర్తించి వంతెనలు కడుతున్న పరిస్థితి అందరికీ తెలుసు. మలుపుల దగ్గర, ఊరి దారులు కలిసే చోట ఎన్ని కుటుంబాలు నష్టపోయాయో ఈ దారి మీద పుట్టి పెరిగినవారికి చెప్పనక్కర్లేదు. నాలుగు వేలు మిగులుతాయని ఎయిర్‌బ్యాగులు తక్కువున్న రకాన్ని ఎవరైనా ఎంచుకుంటానంటే, వద్దని అడ్డుపడతాను.

కొన్న తర్వాత మైలేజీ ఎంతొస్తుందో కొలుచుకోవడం తేలికే, చాలామంది డ్యాష్‌బోర్డు చూపే అంకెతో సరిపెట్టుకుంటారు గానీ. ఎప్పుడూ పోసుకునే బంకులో తుపాకీ దానంతటది ఆగేదాకా పోయించి, కారులోని ట్రిప్ మీటరు సున్నా చేసుకోవాలి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ ఆగేదాకా పోయించాలి. తిరిగిన దూరాన్ని రెండోసారి పోసిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మీ కారు మైలేజీ. మూడు నాలుగుసార్లు ఇలా రాసుకుంటే, టైర్లలో గాలి తగ్గినా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా ఆ అంకెలోనే ముందుగా తెలిసిపోతుంది. గాలి కనీసం నెలకు రెండుసార్లు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన కాగితంలో రాసిన కొలతకు నింపించుకోవాలి. అందరూ ఎక్కి సామానుతో హైదరాబాద్ పోయే రోజున ఆ కాగితంలోనే పూర్తి బరువుకు వేరే కొలత ఉంటుంది, దాన్ని వాడాలి.